కంపో రూబ్రోకు నల్ల అంచు

ఏప్రిల్ 6, ఆదివారం
ఎమ్మిగనూరు

అక్కా,

ఈరోజు లేవగానే చూసిన మొదటి వింత నీ ముఖం. ఫోన్ తెరిస్తే ఒక చెంప పసుపు, ఒక చెంప నలుపు, మధ్యలో నీ పళ్ళు! నేను పెట్టిన కేకకు అవ్వ పరుగెత్తుకొచ్చింది. ఫోటో చూసి, "ఏమ్మే, పత్తి ఇత్తనాల సదువుకని పోయి ఆయమ్మి పీర్లపండగ పులేషం కట్టిందేమ్మే?" అంది. నాయన మగ్గం గుంటలోంచే "బిడ్డ బాగుండాదా?" అని అడిగాడు. బాగుంది అన్నాను. "అయితే సరే" అన్నాడు. మళ్ళీ మగ్గం చప్పుడు మొదలైంది.

ఫోటో కింద నువ్వు ఒక్క ముక్క రాశావు: "మా ఊరి జట్టు మొదటి ఆటకు వెళ్ళాను, రెండో శ్రేణి." రెండో శ్రేణి అంటే ఏమిటక్కా? అవ్వ మాత్రం ఠక్కున అర్థం చెప్పేసింది. "రెండో బంతి. పెండ్లిలో మొదటి బంతి లేచినాక కూచునేటోళ్ళు. వాళ్ళకి వడలుండవు, పప్పు పల్చనైంటాది." బ్రెజిల్ దాకా పోయి రెండో బంతిలో కూర్చోవడం ఎందుకని ఆమె బాధ.

మనం ఒక ఒప్పందం చేసుకుందామా? ఫోన్లో "తిన్నావా, పడుకున్నావా" తప్ప మరో మాట పుట్టడం లేదు. తెలుగు బి.ఏ.లో చేరినప్పటి నుంచి నాకు మాటల పిచ్చి పట్టింది. మొన్న మా సారు "విభ్రమం" అనే మాట చెప్తే, దాన్ని నోట్లో వేసుకుని కర్నూలు నుంచి కోడుమూరు దాకా బస్సులో చప్పరించాను. అందుకని నువ్వు కాగితం మీద చేత్తో రాసి ఫోటో తీసి పంపు. నేనూ అట్లాగే రాస్తాను. ఆదివారం హాస్టల్ నుంచి వచ్చినప్పుడు నీ ఉత్తరం ఇంట్లో అందరికీ చదివి వినిపిస్తాను.

పులి అక్కకు పిల్లి చెల్లెలు,
భువన


ఏప్రిల్ 27, ఆదివారం
కంపో రూబ్రో

భువనా,

ఒప్పందానికి ఒప్పుకున్నాను. చేతిరాత మర్చిపోయాను, నవ్వకు.

అవ్వకు చెప్పు, ఇది రెండో బంతి కాదు. ఈ దేశంలో ఫుట్‌బాల్ జట్లకు మెట్లున్నాయి. పై మెట్టు మీద ఇరవై జట్లు, దాని కింద మెట్టు మీద ఇంకో ఇరవై. మా ఊరిది కింద మెట్టు. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ప్రతి జట్టూ మిగతా అన్నిటితో రెండేసి సార్లు ఆడుతుంది, ఒకసారి సొంతూళ్ళో, ఒకసారి వాళ్ళ ఊళ్ళో. చివరికి పైన నిలిచిన నాలుగు జట్లు పై మెట్టుకు పోతాయి. అడుగున మిగిలిన నాలుగు ఇంకో మెట్టు కిందికి జారిపోతాయి. అందుకే నాలుగో స్థానం కోసం ఊరంతా మొక్కుకుంటుంది. మనకు మొదటి ర్యాంకు తప్ప తక్కినవి లెక్కలో లేవు కదా, నాకిది ఎంత కొత్తగా ఉందో చెప్పలేను.

ఎంత పెద్ద దేశమనుకున్నావు! ఒక ఆట కోసం కర్నూలు నుంచి కాశీకి పోయినంత దూరం పోతారు. ఆడి వచ్చి, నాలుగు రోజుల్లో మళ్ళీ ఇంకో మూలకు. ఓడినా పోవాల్సిందే. ఎండలోనే, వానలోనే.

మా జట్టు పేరు ఓన్సా. ఓన్సా అంటే ఇక్కడి అడవిలో తిరిగే మచ్చల పులి. కాబట్టి అవ్వ పులేషం అన్నది నిజమే! నాకు ఇల్లు అద్దెకిచ్చిన దోన జేలియా నన్ను మొదటి ఆటకు లాక్కెళ్ళింది. దోన అంటే అమ్మగారు అన్నట్టు. బడిలో వంట చేసి రిటైరైంది, భర్త లేడు. మోకాళ్ళ నొప్పితో మా ఇంటి మెట్లెక్కలేదు కానీ స్టేడియం మెట్లు మాత్రం నాకంటే ముందు ఎక్కేసింది. పైకి చేరి తిరిగి చూస్తే, భువనా, ఎర్రమట్టి ఊరు, చుట్టూ కనుచూపు మేర పత్తి, మధ్యలో ఆ పచ్చటి గడ్డి. పదిహేను వేల మంది ఒకేసారి ఊపిరి పీల్చుకోవడం విన్నాను. నీ "విభ్రమం" ఇదేనేమో.

మోకాళ్ళు అరిగిన నీ అక్క,
శివలీల


జులై 13, ఆదివారం
ఎమ్మిగనూరు

అక్కా,

నువ్వు పోయిన వారం రాసిన చిన్న ఉత్తరం ఇంట్లో ఎంత గందరగోళం తెచ్చిందో తెలుసా?

"శనివారం మనం ఓడిపోయాం. వరసగా మూడోసారి. జేలియమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను" అని రాశావు. నేను కంఠం పెంచి భావంతో చదివాను. మగ్గం ఆగిపోయింది. నాయన గుంటలోంచి లేచి నిలబడ్డాడు. "ఏం పోయింది? సదువా?" అన్నాడు. అమ్మ అప్పటికే మంత్రాలయం వైపు తిరిగి దండం పెట్టి, నువ్వు క్షేమంగా వస్తే అక్కడ తలనీలాలు ఇప్పిస్తానని మొక్కేసింది. ఎవరి తలనీలాలో చెప్పలేదు. నా జడ భద్రం కాదు, నీది కూడా కాదు.

ఆట ఓడిపోయారని చెప్పడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

"మరి మనం ఓడిపోయినామని రాసింది గదమ్మే?"

"వాళ్ళ ఊరి జట్టు నాయనా."

"మనం అంటే మనింట్లోవాళ్ళం గదా. వాళ్ళూ మనం ఎట్లయితారు?"

దీనికి జవాబు నువ్వే చెప్పాలి. నీ దగ్గర ఉంటే రాయి. నాయన ఇప్పుడు ప్రతి ఆదివారం నేను చెప్పులు విప్పకముందే "పులులు ఎన్నో స్థానంలో ఉండారు?" అని అడుగుతున్నాడు. పన్నెండు అంటే ఆ రోజు అన్నం సగంలోనే లేస్తాడు. ఆట ఒక్కటి కూడా చూడని మనిషి, అక్కా!

జడ రెండు చేతులా పట్టుకుని,
భువన


ఆగస్టు 17, ఆదివారం
కంపో రూబ్రో

భువనా,

నాయన అడిగినదానికి జవాబు మొన్న దొరికింది.

రెండు గోల్స్ వెనకబడి ఉన్నాం. వాన. ఇక లేచి పోతారనుకున్నాను. పోలేదు. మా గట్టు మీద, అంటే స్టేడియంలో మేం నిలబడే మెట్ల మీద, ఎవరో ముసలాయన పాట ఎత్తుకున్నాడు, పక్కవాళ్ళు అందుకున్నారు, చూస్తుండగానే స్టేడియం అంతా పాడుతోంది. ఓడిపోతున్నవాళ్ళు పాడే పాట నేను ఎప్పుడూ వినలేదు. నాకు ఆ భాష సగమే వచ్చు. అయినా నోరు తెరిస్తే పాట వచ్చింది. చివర్లో రెండు గోల్స్ తిరిగి వేశాం. చూశావా, మళ్ళీ "వేశాం" అన్నాను! ఆ పాటలో నోరు కలిపాక "వాళ్ళు" అనడం నాకు చేతకావడం లేదు. నాయనకు అదే చెప్పు. ఇప్పుడు ఆరో స్థానంలో ఉన్నాం.

అసలు సంగతి ఇది. మా గట్టు ముందు ఒక ఇనుప కమ్మీ ఉంది. ఆట రోజు ఒక్కో కుటుంబం తన గుడ్డ దాని మీద కడుతుంది. ఎవరి చోటు వాళ్ళది, తాతల నుంచి వచ్చింది. జేలియమ్మ భర్త కట్టిన గుడ్డ ఎండకూ వానకూ చివికి పోయిన ఏడాది పీలికలైపోయింది. ఆ చోటు అప్పటి నుంచి ఖాళీ. ఇరుకైన గట్టు మీద కూడా ఎవరూ అక్కడ చెయ్యి ఆనించరు.

మా నాయన చీరలు నేస్తాడని మాటవరసకు చెప్పాను. ఆమె కాసేపు నన్నే చూసి, నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆ ఖాళీ కమ్మీ మీద పెట్టింది. "ఇది మీ నాన్న గుడ్డకు" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు మాటలాపి లేచి నిలబడ్డారు.

నాయనను అడుగు. ఎనిమిది మీటర్ల పొడవు, మధ్యలో పసుపు, రెండు వైపులా వెడల్పైన నల్ల అంచు. జట్టు జెండా ఫోటో పంపుతున్నాను. నవంబరులో చివరి ఆట మా ఊళ్ళోనే. ఆ రోజు ఆ కమ్మీ ఖాళీగా ఉండకూడదు. మాట ఇచ్చేశాను.

నాయన చేతి మీద భారం వేసి,
శివలీల


సెప్టెంబరు 21, ఆదివారం
ఎమ్మిగనూరు

అక్కా,

గుడ్డ మగ్గం దిగింది! నిన్న కొరియర్‌కు ఇచ్చేశాం.

అది పుట్టడం నువ్వు చూడాల్సింది. అంచు రంగు మధ్య ఒడిలోకి రాకూడదని నాయన రెండు అంచులకూ ఒడికీ వేరువేరుగా, పోగు మోసే నాడెలు మూడు పెట్టి నేశాడు. ఒక్కరితో అయ్యే పని కాదు కాబట్టి అమ్మ ఎదురుగా కూర్చుని అవతలి అంచు నాడె అందించింది. పోగుకూ పోగుకూ మధ్య ఇద్దరూ పోట్లాడుకున్నారు. "నిద్రపోతాండావా?" "నువ్వే కునుకుతాండావు, నేను చూస్తాండా!" ఆ తిట్లన్నీ గుడ్డలో ఉన్నాయి, తడిమి చూసుకో. ఇన్నేళ్ళూ ఆ మగ్గం చప్పుడుకు విసుక్కుంటూ పుస్తకం చదివేదాన్ని. ఈసారి పుస్తకం మూసేసి చూస్తూ కూర్చున్నాను. దారం గుడ్డయ్యే చోటు ఒక వేలెడు వెడల్పే ఉంటుంది, గమనించావా? అటు దారం, ఇటు గుడ్డ. ఏ క్షణంలో మారుతుందో ఎంత చూసినా పట్టుకోలేకపోయాను.

నాయన ఒక చిన్న మంచి మార్పు చేశాడు. ఏమిటో చెప్పకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. "బిడ్డ నిలబడే చోటికి పోయే గుడ్డ. దానికేం తగుతాదో నాకు తెల్దా?" అన్నాడు. చాలా బాగుందక్కా. అందరి ముందూ విప్పు.

పసుపు కుంకుమ అంటిన చేతులతో,
భువన


అక్టోబరు 12, ఆదివారం
కంపో రూబ్రో

భువనా,

అందరి ముందూ విప్పమన్నావు. విప్పాను.

చిన్న మార్పు అంటే మూలన నా పేరు నేసి ఉంటాడనుకున్నాను. జేలియమ్మ వరండాలో గట్టు మీది ఆడవాళ్ళందరూ కూర్చున్నారు. ఆమే కత్తెరతో మూట దారం కోసింది. గుడ్డ జారి ఒళ్ళో పడింది. మంచి పసుపు. రెండు వైపులా ముదురు ఆకుపచ్చ.

తాకబోయిన చేతులు వెనక్కి పోయాయి. పక్క ఊరి జట్టు బురిచీ రంగు పచ్చ. వీళ్ళ తాతల నాటి పోటీ. మా గట్టు మీదికి పచ్చ రిబ్బను పెట్టుకున్న పసిపిల్లను కూడా రానివ్వరు. ఆట ఉన్న రోజు జేలియమ్మ ఆకుకూర వండదు. దేశం జెండాలో పచ్చ ఉంది కదా అని నేనోసారి అంటే, "దేశం వేరు, శనివారం వేరు" అంది. పైగా చివరి ఆట ఆ బురిచీతోనే.

జేలియమ్మ గుడ్డను నెమ్మదిగా మడిచి, నేత బాగుందని చెప్పి, నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఫోటో పంపాను కదా? నలుపు అని రాశాను కదా? నేను అడిగింది నాయన ఎప్పుడైనా అడిగినట్టు ఇచ్చాడా? నిన్నటి ఆటలో గట్టు మీద నాకు చోటిచ్చారు, పాట మాత్రం నేను పాడలేదు. ఇక ఈ గుడ్డ సంగతి రాయొద్దు.

శివలీల


అక్టోబరు 19, ఆదివారం
ఎమ్మిగనూరు

అక్కా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. కోప్పడు.

నీ ఉత్తరం ఒక్క ముక్క దాచకుండా చదివాను. నాయన నాడె పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు, "కొత్త ఊర్లో నా బిడ్డకి ఇచ్చిన చోటు. దానికి నలుపు కట్టి పంపీమంటావా? మా నాయన మగ్గానికి ఒక్కనాడూ నల్లనూలు ఎక్కల్యా. పెండ్లి గుడ్డ, పండగ్గుడ్డ, తొట్టెల గుడ్డ, అన్నీ ఈ చేత్తోనే. దేంట్లోనూ నలుపు లేదు. అందుకే పచ్చ ఏసినా. పచ్చంగా ఉండాలని."

అక్కా, నువ్వు అడిగింది వినక కాదు. నీకు మంచి జరగాలనే మార్చాడు. ఆ మార్పు చూసి నాకూ ముచ్చటేసింది కాబట్టి తప్పులో సగం నాది.

"నాయనా, మనకి నలుపు ఎట్లనో వాళ్ళకి పచ్చ అట్ల" అన్నాను. ఆ మాట అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. భూమికి అటువైపు కూడా మనలాగే రంగుకు భయపడే మనుషులున్నారు! నాయన కూడా తలెత్తి చూశాడు. "అట్లయితే ఆ పెద్దమ్మది తప్పుగాదు" అన్నాడు. మళ్ళీ మగ్గం వైపు తిరిగి, "అయినా నలుపు నా మగ్గం ఎక్కదు" అన్నాడు.

అప్పుడు లేచిందక్కా అవ్వ.

"ఏమప్పా సోమన్నా, నీ బిడ్డ పుట్టినప్పుడు బుగ్గన నల్లసుక్క పెట్టిందెవురు?"

"నువ్వేమ్మా."

"ఎందుకు పెట్టినా? ఆ పిల్లంటే గిట్టకనా? పదిమంది కండ్లు పడతాయని పెట్టినా. ఆడ పదిహేను వేల మంది సూసే గుడ్డని నల్లసుక్క లేకుండా పంపిస్తివే, దిష్టి తగలకుండా యాడికి పోతాది? వాళ్ళు శానా తెలివైనోళ్ళు, అంచు నిండా పెట్టుకున్యారు!"

అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాయన గోడ మీది క్యాలెండరు చూసి, "రేపు దీపావళి. పండగనాడు నల్లనూలు కొనను. ఎల్లుండి" అన్నాడు.

ఆ ఎల్లుండి అనే మాటంత అందమైన మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. నువ్వు జేలియమ్మకు ఏమీ చెప్పకు. చెప్పినా మంచిదే. నాకు తెలియడం లేదు.

నీ కోపానికి ఎదురుచూస్తూ,
భువన


నవంబరు 16, ఆదివారం
కంపో రూబ్రో

భువనా,

కోపం ఎప్పుడో పోయింది. నల్లసుక్క కథ నాకు వచ్చీరాని పోర్చుగీసులో జేలియమ్మకు చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత తన చెంప మీద వేలుపెట్టి చూపించి, "ఇక్కడా?" అంది. అవునన్నాను. ఆ చెంప అట్లాగే పట్టుకుని కూర్చుంది.

నాయన నల్ల అంచుతో మళ్ళీ నేసి పంపిన పార్సిల్ పది రోజులుగా పెద్ద నగరంలో తనిఖీ దగ్గర ఆగి ఉంది. మేం అయిదో స్థానంలో ఉన్నాం. చివరి ఆట వచ్చే ఆదివారం. మేం గెలవాలి, నాలుగో స్థానంలో ఉన్న జట్టు తన ఆట గెలవకూడదు. రెండూ జరిగితేనే పై మెట్టు. వాళ్ళ ఆట దేశానికి ఆ చివర.

నాయనకు చెప్పు, గుడ్డ రాకపోయినా ఆయన నేసిన సంగతి గట్టుకంతా తెలుసు.

శివలీల


నవంబరు 23, ఆదివారం
కంపో రూబ్రో

భువనా,

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు చూసి చదువుకో.

శుక్రవారం పార్సిల్ వచ్చింది. జేలియమ్మ ఒక్కతే విప్పింది. నల్ల అంచును ఎండలోకి పట్టి, వేలితో రాసి, పసుపు ఒడిలోకి నలుపు ఒక్క పోగైనా చొరబడిందేమో వెతికింది. లేదు. "మీ అమ్మ కునకలేదు" అంది. ఆ పోట్లాట కూడా చెప్పాన్లే! ఈరోజు కమ్మీకి ఒక చివర ఆమె కట్టింది, ఒక చివర నా చేత కట్టించింది. గాలికి గుడ్డ ఒక్కసారి నిండుగా ఉబ్బింది. ముందు వరసలో ఉన్నవాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చి అంచు ముట్టుకుని వెళ్ళారు.

బురిచీ మీద ఒక్క గోల్‌తో గెలిచాం. ఈల ఊదారు. కానీ ఎవరూ అరవలేదు. దేశానికి ఆ చివర ఆట వాన వల్ల ఆలస్యమై ఇంకా నడుస్తోంది, అక్కడ ఒకటీ ఒకటీ సమానం. ఆ నాలుగో స్థానం జట్టు ఇంకొక్క గోల్ వేస్తే మాకు దారి లేదు.

ఇప్పుడు విను. పదిహేను వేల మంది నిలబడి ఉన్నారు. ఆటగాళ్ళు మైదానం మధ్యలో ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసి తలలు వంచుకుని ఉన్నారు. రేడియో ఉన్నవాళ్ళు చెవికి ఆనించుకున్నారు, లేనివాళ్ళు ఉన్నవాళ్ళ ముఖాలు చూస్తున్నారు. అంతమంది మనుషులుండి అంత నిశ్శబ్దం! పసిపిల్లలు కూడా ఏడవలేదు. గాలికి నాయన గుడ్డ కమ్మీకి కొట్టుకోవడం నాకు వినబడింది. పదిహేను వేల మందిలో ఆ చప్పుడు వినబడిందే!

ఎవరో ముసలాయన రేడియో పైకెత్తాడు. అంతే. అయిపోయింది, అక్కడ సమానంగానే ముగిసింది. మేం నాలుగో జట్టు. తర్వాత ఏం జరిగిందో నాకు వరసగా గుర్తులేదు. నేల కదిలింది. ఎవరెవరో నన్ను ఎత్తారు. జేలియమ్మ మాత్రం అరవలేదు. కమ్మీ మీదికి వంగి నల్ల అంచుకు చెంప ఆనించి ఉండిపోయింది. నేను పక్కన నిలబడ్డాను. "ఎవరి కన్నూ తగల్లేదు" అంది నాతో.

గొంతు పోయి, అక్షరాలే మిగిలిన
శివలీల


నవంబరు 25, మంగళవారం
ఎమ్మిగనూరు

అక్కా,

ఆదివారం దాకా ఆగలేక ఈ సాయంత్రం బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. వాకిట్లోనే నిలబడి చదివాను. అవ్వ రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని మెటికలు విరిచింది. అమ్మ "నేను కునకలేదని ఆయమ్మకు తెలిసింది, ఈ మనిషికి తెలీదు" అని నాయన వైపు చూపించింది.

స్టేడియం నిశ్శబ్దం గురించి రాసిన చోటును నాయన మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. "గుడ్డ సప్పుడు ఇనబడిందంటనా?" అన్నాడు. ఇంకోసారి చదివాను. గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. మన నాయన ముఖం అట్లా ఉండడం నేను చూడలేదక్కా. గుళ్ళో కూడా చూడలేదు.

ఆ తర్వాత అడిగాడు, "ఆ ఆట ఎట్లుంటాదో నేను ఒక్కసారీ సూడల్యా. ఈడ యాడన్నా ఆడతారామ్మే?"

మా కాలేజీ మైదానంలో అమ్మాయిలు పొద్దున పూట ఆడతారని చెప్పాను. కాళ్ళకు బూట్లు కూడా అందరికీ ఉండవు, గడ్డి ఉండదు, గోల్‌కు వల ఉండదు అన్నాను. "బంతి ఉంటాది గదా?" అన్నాడు.

మగ్గం మీద సగం చీర ఉంది. పనిరోజు నాయన మగ్గం దిగి ఊరు దాటడం నాకు తెలిసి ఇదే మొదలు. అమ్మ చిత్రాన్నానికి నిమ్మకాయలు తీసి పెట్టింది. రేపు తెల్లారేసరికి మేమిద్దరం కర్నూలు మొదటి బస్సు దగ్గర ఉంటాం. కిటికీలోంచి విసిరి సీటు పట్టడానికి నాయన తువ్వాలు ఇప్పుడే మడిచి భుజాన వేసుకున్నాడు.

భువన